మాహోల్ మార్చండి, పిల్లల్ని కాదు



పోయిన నెల ఒక రాత్రి ఇషా నమాజ్ అయి ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగింది. అటువైపు మా ఆపా కూతురు. డిప్లొమాలో కంప్యూటర్ బ్రాంచ్, రెండో ఏడు. హాస్టల్‌లో ఉంటుంది. గొంతు వింటేనే ఏడ్చిందని తెలిసిపోతోంది.

"మామూ, నేను బ్రాంచ్ మార్చుకుంటా. అమ్మీకి నువ్వే చెప్పు."

"ఏమైంది బేటా?"

"నాకీ కంప్యూటర్ రాదు మామూ. అందరికీ వస్తోంది, నాకే రావట్లేదు. లాబ్‌లో ఏది కొట్టినా 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటోంది. పొద్దున పనిచేసినవి కూడా మధ్యాహ్నం నుంచి పనిచెయ్యట్లేదు. ఆపి మళ్లీ ఆన్ చేసినా అంతే. నా కిస్మత్‌లో ఈ చదువు లేదేమో."

పొద్దున్నుంచి మధ్యాహ్నం లోపల ఏం చేశావని అడిగాను. లాబ్‌లో ఒక కాగితం ఇచ్చారట. అందులో ఉన్న లైన్లు ఉన్నవున్నట్టు ఒక ఫైల్‌లో కొట్టమన్నారట. ఆ కాగితం ఫోటో తీసి పంపమన్నాను. మసలా అక్కడే దొరికింది. జావా ఎక్కడుందో చెప్పే లైన్ అది. 'పాత్' అనే వేరియబుల్‌కి కొత్త విలువ ఇచ్చేటప్పుడు పాత విలువని కూడా కలుపుకోవాలి. కాగితంలో ఆ ముక్క ఎగిరిపోయింది. ఒక డాలర్ గుర్తు, నాలుగు అక్షరాలు, ఒక కోలన్. అంతే. ఆ ఆరింటి కోసం ఒక పిల్ల తన చదువునే వదులుకోడానికి తయారైంది.

పది నిమిషాల్లో సరిచేసుకుంది. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్ చెయ్యడానికి మామూ లేని పిల్లల సంగతేంటి? మన ఖౌమ్‌లో ఇంటికి మొదటిసారి డిప్లొమా దాకా వచ్చిన ఆడపిల్లలు ఎంతమంది ఇలాగే "నాకు రాదు" అనుకుని వెనక్కి వచ్చేస్తున్నారో? అందుకే ఈ పోస్ట్. ఇది కంప్యూటర్ పాఠంలాగా మొదలవుతుంది. కానీ చదవాల్సింది పిల్లలకంటే ముందు తల్లిదండ్రులు.

హాస్టల్ పెట్టె

ఎన్విరాన్‌మెంట్ అనగానే మా సత్తుపల్లిలో ఎవరికైనా బొగ్గు దుమ్మూ, ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగులూ గుర్తొస్తాయి. కంప్యూటర్‌లో ఆ మాటకి అర్థం వేరు. మన ఇళ్లలో దానికి సరైన మాట ముందే ఉంది: మాహోల్. "ఆ పిల్లాడికి ఇంట్లో చదువుకునే మాహోల్ లేదండీ" అంటాం చూడండి, అచ్చం అదే.

యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 1969లో అమెరికాలో బెల్ లాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దాని పెద్దలు. 1979లో వచ్చిన ఏడో వెర్షన్‌తో ఈ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పద్ధతి వచ్చింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌లోనూ అదే పద్ధతి. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది కూడా లినక్సే. అంటే ఈ సంగతి మీ జేబులో కూడా ఉంది.

విషయం ఇది. పిల్లని హాస్టల్‌కి పంపేటప్పుడు అమ్మీ పెట్టె సర్దుతుంది కదా. ఇంటి అడ్రసు, ఆధార్ నకలు, ఫోన్ నంబర్ల చీటీ, కాస్త డబ్బు. కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టినప్పుడు అలాగే ఒక పెట్టె సర్ది ఇస్తుంది. ఆ పెట్టెలో ఉండేవన్నీ చీటీలే. ఒక్కో చీటీ మీద ఒక పేరు, ఒక బరాబర్ గుర్తు, ఒక విలువ. 'హోమ్' అనే చీటీలో నీ ఇల్లు ఎక్కడో ఉంటుంది. 'యూజర్' అనే చీటీలో నీ పేరు. 'లాంగ్' అనే దాంట్లో నీ భాష. 'పాత్' అనే దాంట్లో హుకుంలు ఏ ఏ గదుల్లో వెతకాలో ఆ జాబితా. ఇలాంటి చీటీలనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు.

'ఎన్వ్' అని కొడితే పెట్టెలో ఉన్నవన్నీ బయటపెట్టి చూపిస్తుంది. 'ఎకో $హోమ్' అంటే ఆ ఒక్క చీటీ చదివి వినిపిస్తుంది. నేనిక్కడ తెలుగులో రాస్తున్నా, కొట్టేటప్పుడు హుకుం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనూ, చీటీ పేరు పెద్ద అక్షరాల్లోనూ కొట్టాలి. చీటీ రాసేటప్పుడు బరాబర్ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. వదిలితే షెల్ ఆ పేరునే ఒక హుకుం అనుకుని వెతుకుతుంది. ఇది కూడా మా పిల్లల్ని గంటలకొద్దీ ఏడిపించిన సంగతే.

ఇక్కడ మూడు కాయిదాలు గుర్తుపెట్టుకోవాలి.

ఒకటి, షెల్‌లో చీటీ రాసినంత మాత్రాన అది పెట్టెలోకి పోదు. అల్మారాలో ఉండిపోతుంది. 'ఎక్స్‌పోర్ట్' అన్న మాట చెప్తేనే పిల్ల వెంట పెట్టెలో వెళ్తుంది.

రెండు, పిల్లకి దక్కేది అసలు కాదు, నకలు. పిల్ల తన దగ్గరున్న చీటీని కొట్టేసి వేరే రాసుకున్నా ఇంట్లో ఉన్న అసలు మారదు.

మూడు, పెట్టె సర్దేది బయల్దేరేటప్పుడే. బండి ఎక్కాక ఇంట్లో మీరు చీటీ మార్చినా పెట్టెలోది మారదు. అందుకే సెట్టింగ్ ఫైల్ మార్చాక కొత్త టెర్మినల్ తెరవమంటారు. లేకపోతే 'సోర్స్' అనే హుకుంతో ఆ ఫైల్‌ని మళ్లీ చదివించమంటారు. "మార్చాను కదా, ఎందుకు పనిచెయ్యదు" అని పిల్లలు తల బాదుకునేది ఇక్కడే.

రాస్తా తెలియని హుకుం

ఇప్పుడు మా పిల్ల సంగతికి వద్దాం. 'ఎల్‌ఎస్' అని కొడితే ఫోల్డర్‌లో ఏముందో చూపిస్తుంది. ఆ ఎల్‌ఎస్ కూడా ఒక ప్రోగ్రామే, ఒక ఫోల్డర్‌లో ఉండే ఫైలే. అది ఎక్కడుందో షెల్‌కి ఎలా తెలుస్తుంది? పాత్ అనే చీటీ తీసి చూస్తుంది. అందులో ఫోల్డర్ల పేర్లు వరసగా ఉంటాయి, మధ్యలో కోలన్లు. ఎడమ నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫోల్డర్‌లో వెతుకుతుంది. మొదట ఎక్కడ దొరికితే దాన్నే నడుపుతుంది. ఎక్కడా దొరక్కపోతే 'కమాండ్ నాట్ ఫౌండ్'.

కొత్త ఫోల్డర్ కలపాలంటే "పాత రాస్తాలన్నీ అలాగే ఉంచి, చివర ఇది కూడా చేర్చు" అని చెప్పాలి. ఆ "పాతవన్నీ" అనే మాటే డాలర్ పాత్. అది రాయకపోతే పాత రాస్తాలన్నీ పోయి కొత్తది ఒక్కటే మిగులుతుంది. ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉంటాయి, ఒక్కటీ పోదు. వాటికి దారి మాత్రం మూసుకుపోతుంది. దాన్ని ప్రతి టెర్మినల్ తెరిచినప్పుడల్లా చదివే 'బాష్‌ఆర్‌సీ' ఫైల్‌లో రాసింది కాబట్టి ఆపి ఆన్ చేసినా మారలేదు.

నేను ఫోన్‌లో చెప్పింది ఇదే: "బేటా, హుకుం పేరు ఒక్కటే కాకుండా పూర్తి అడ్రసుతో కొట్టు. బిన్ ఫోల్డర్‌లో ఉన్న ఎల్‌ఎస్ అని." కొట్టింది. పనిచేసింది. ఒక్కసారిగా అటువైపు నవ్వు. "ఉంది మామూ! ఇక్కడే ఉంది!" 'సీడీ' కూడా పనిచేస్తోంది చూడమన్నాను. ఎందుకంటే అది షెల్ లోపలే ఉండే హుకుం, దానికి రాస్తాతో పని లేదు. అలాగే పూర్తి అడ్రసుతో ఎడిటర్ తెరిచి, ఆ లైన్ సరిచేసి, కొత్త టెర్మినల్ తెరిచింది.

ఆ పిల్ల తెలివిలో లోపం ఏమీ లేదు. కాగితం ఇచ్చినవాళ్లు ఆ లైన్ ఏం చేస్తుందో ఒక్క ముక్కలో చెప్పి ఉంటే తానే పట్టుకునేది. పొద్దున పనిచేసింది మధ్యాహ్నం ఆగిపోయిందంటే మధ్యలో ఏదో మారిందని అర్థం. "ఏం మారింది?" అని అడగడం ఎవరూ నేర్పలేదు. "కొట్టు" అని మాత్రం నేర్పారు. మన చదువుల అసలు మసలా నాకు ఇక్కడే కనిపిస్తుంది. హుకుంలు చెప్తున్నాం, మాహోల్ ఏమిటో చెప్పడం లేదు.

ఏ భాష మీది?

మన ఇళ్లకి ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. స్కూల్ ఫారంలో మాతృభాష అనే గడి ఒక్కటే. మా ఇంట్లో అమ్మీతో దక్కనీ, పక్కింట్లో తెలుగు, రాతకోతలన్నీ తెలుగు, ఫీజు రసీదు ఇంగ్లీషు. ఆ గడిలో ఉర్దూ రాస్తే "తెలుగు రాదా?" అంటారు. తెలుగు రాస్తే మనవాళ్లే "ఉర్దూ వదిలేశారా?" అంటారు. నా చిన్నప్పటి నుంచీ ఇదే సవాల్.

ఖమ్మం జిల్లా వాళ్లకి ఇది ఇంకా బాగా తెలుసు. ఉర్దూని రెండో అధికార భాషగా జిల్లాని యూనిట్‌గా పెట్టి లెక్కేసినన్నాళ్లూ మన ఉమ్మడి ఖమ్మం ఆ జాబితాలో లేదు. ఉర్దూ మాట్లాడేవాళ్ల శాతం చాలదన్నారు. 2017 నవంబర్‌లో రాష్ట్రం మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని అసెంబ్లీలో బిల్లు పాస్ చేశాకే మనం కూడా లోపలికొచ్చాం. మన ఇళ్లలో మాట్లాడే భాష ఆ రోజు కొత్తగా పుట్టలేదు. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నది మారింది.

కంప్యూటర్‌లో ఈ విషయంలో ఫారం కంటే ఎక్కువ ఇన్సాఫ్ ఉంది. 'లాంగ్' అనే చీటీ మొత్తానికి ఒక భాష చెప్తుంది. కానీ అది చాలనివాళ్ల కోసం 'ఎల్‌సీ' అని మొదలయ్యే వేరే చీటీలున్నాయి. తేదీలు ఒక పద్ధతిలో, డబ్బు లెక్క ఒక పద్ధతిలో, సందేశాలు ఇంకో భాషలో అడగొచ్చు. లినక్స్‌లో భారతదేశపు తెలుగుకీ, భారతదేశపు ఉర్దూకీ వేర్వేరు గుర్తులున్నాయి. అవి సిస్టమ్‌లో సిద్ధం చేసుకోవాలి, అంతే.

ఇంకా బాగున్నది 'లాంగ్వేజ్' అనే చీటీ. అందులో ఒక్క భాష కాదు, వరస రాయొచ్చు. ముందు తెలుగు, అది లేకపోతే ఉర్దూ, అదీ లేకపోతే ఇంగ్లీషు. మధ్యలో కోలన్లు. ఏ ప్రోగ్రామ్ సందేశం తెలుగులో తర్జుమా అయి ఉంటే అది తెలుగులో పలుకుతుంది, లేకపోతే తర్వాతి దాంట్లో. ఎవరూ "ఏదో ఒకటి ఎంచుకో" అని గద్దించరు. మొదటిసారి ఇది చూసినప్పుడు, మన ఇంటి లెక్క తెలిసినవాడెవడో దీన్ని తయారుచేశాడనిపించింది.

కానీ ఆ వరస పనిచెయ్యాలంటే ఎవరో ఒకరు కూర్చుని తర్జుమా చేసి ఉండాలి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లు తెలుగు కోసం ఏళ్లుగా ఆ పని చేశారు, తెలుగులో పలికే గ్నూ లినక్స్ తయారుచేశారు. ఆ పనికి మన పిల్లలు కూడా పోవాలి. తెలుగూ ఉర్దూ రెండూ వచ్చిన పిల్లలు ఎక్కడున్నారు, మన ఇళ్లలో కాకపోతే? వేరియబుల్‌ని తెలుగు పుస్తకాల్లో చరరాశి అంటారు, ఉర్దూ పుస్తకాల్లో ముతగయ్యిర్ అంటారు. రెండూ మా పిల్లకి అర్థం కాలేదు. పెట్టె, చీటీ, నకలు, హుకుం, రాస్తా అంటే వెంటనే అర్థమైంది. తహసీల్దార్ ఆఫీసులో నకలు అడగని తెలుగువాడు లేడు. ఆ మాటలు అందరివీ. వాటితోనే నేర్పుదాం.

అమానత్

ఇప్పుడు కాస్త జాగ్రత్త సంగతి. పాస్‌వర్డులు, పేమెంట్ తాళాలు ప్రోగ్రామ్ లోపల రాసి ఆ ప్రోగ్రామ్‌ని అందరికీ కనిపించేలా గిట్‌హబ్‌లో పెట్టే పిల్లల్ని చూస్తున్నాను. దుకాణం తాళంచెవిని షట్టర్‌కే వేలాడదీసి పోవడం అది. ఎవరి దుకాణానికో వెబ్‌సైట్ చేస్తున్నావంటే ఆ తాళం నీ దగ్గర అమానత్. దాన్ని ప్రోగ్రామ్‌లో రాయకు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా విడిగా ఇవ్వు అని పెద్ద కంపెనీల్లో కూడా నేర్పుతారు.

అలాగని అదేమీ ఇనప్పెట్టె కాదు. ఆ చీటీ నీ ప్రోగ్రామ్ పుట్టించే ప్రతి ప్రోగ్రామ్‌కీ విరాసత్‌గా పోతుంది. అదే యూజర్ పేరుతో నడిచే ఇతర ప్రోగ్రాములు చదవగలవు, సిస్టమ్ పెద్ద అయిన రూట్ చదవగలడు. 2014 సెప్టెంబర్‌లో షెల్‌షాక్ అనే లోపం బయటపడింది. బాష్ అనే షెల్ చీటీలో రాసి ఉన్నదాన్ని ఊరికే చదవకుండా, కొన్ని రకాల రాతల్లో హుకుంని నడిపేసేది. వెబ్‌సైట్‌కి వచ్చిన బయటివాడు పంపిన రాతని కొన్ని సర్వర్లు చీటీగా లోపలికి పంపుతాయి. అంటే బయటివాడి హుకుం లోపల నడిచేది. ఆ లోపం అందులో 1989 నుంచీ ఉంది. అన్నేళ్లూ ఎవరూ గమనించలేదు.

పాత్‌లో కూడా అంతే. 'నేనున్న ఫోల్డర్‌లోనే ముందు వెతుకు' అని అర్థం వచ్చే చుక్కని పాత్ మొదట్లో పెట్టొద్దంటారు. ఎవడైనా ఎల్‌ఎస్ అనే పేరుతో దొంగ ప్రోగ్రామ్ ఆ ఫోల్డర్‌లో పెడితే నువ్వు దాన్నే నడుపుతావు. మొదట దొరికినదాన్ని నమ్ముతుంది కాబట్టి మొదట ఏది ఉండాలన్నది నీ జిమ్మేదారీ.

ఏఐ ఉంది కదా అంటే

ఇదంతా ఎందుకు, ఇప్పుడు ఏఐని అడిగితే లైన్ రాసిస్తుంది కదా అని మొన్న ఒకాయన అన్నాడు. నిజమే, రాసిస్తుంది. మా పిల్లకి కూడా ఎవరో రాసే ఇచ్చారు కదా, ఆ కాగితం. రాసిచ్చింది మనిషైనా మిషనైనా, దాన్ని ఎక్కడ పెడుతున్నానో, పెట్టకముందు అక్కడ ఏముందో చూసుకోవాల్సింది నేనే. అడిగే సవాల్ సరిగ్గా అడగాలన్నా ఈ మాత్రం ఇల్మ్ కావాలి.

ఇంకొందరు తల్లిదండ్రులు "మాకు చదువు రాదు, మేమేం చెయ్యగలం" అంటారు. మీరు హుకుంలు నేర్చుకోనక్కర్లేదు. పిల్ల ఫోన్ చేసి "నాకు రాదు" అన్నప్పుడు "పోనీలే, వచ్చెయ్, సంబంధం చూస్తాం" అనకండి. "నిన్న ఏం పనిచేసింది? ఇవాళ ఏం మార్చావు? ఎవరిని అడిగావు?" ఈ మూడు అడగండి. జవాబ్ మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. చెప్పేలోపల పిల్లకే అర్థమవుతుంది.

జమాత్ పెద్దలకి నా దరఖాస్తు కూడా ఉంది. మన మస్జిదుల పక్కన హాళ్లున్నాయి, ఆదివారం ఖాళీగా ఉంటాయి. ఎవరింట్లోనో మూలపడ్డ పాత కంప్యూటర్లు నాలుగు తెచ్చి లినక్స్ వేస్తే చాలు, కొనాల్సింది ఏమీ లేదు. కంప్యూటర్ లేనివాళ్లు టర్మక్స్ లాంటి యాప్‌తో ఫోన్‌లోనే ఈ హుకుంలు నేర్చుకోవచ్చు. ఆడపిల్లలకి విడిగా సమయం పెట్టండి. నేర్పడానికి మన మోహల్లాలోనే ఇంజినీరింగ్ చదివి ఇంట్లో కూర్చున్న అమ్మాయిలున్నారు. వాళ్లకి నెలకి ఇంత అని ఇవ్వండి, మొక్కుబడిగా షుక్రియా చెప్పి ఊరుకోకండి.

ఇన్ని చెప్పి, ఒక్క చోట నా పోలిక సరిపోదని ఒప్పుకోవాలి. కంప్యూటర్‌లో పిల్ల ప్రోగ్రామ్ తల్లి మాహోల్‌ని మార్చలేదు. అక్కడ విరాసత్ పైనుంచి కిందికే. మన ఇళ్లలో అలా కాదు. మా బావ రియాద్‌లో డ్రైవర్. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆపాకి ఎప్పుడూ లెక్క తప్పి, ఆయన నిద్రలో ఉన్నప్పుడో డ్యూటీలో ఉన్నప్పుడో ఫోన్ చేసేది. పోయిన వారం సెలవుకి వచ్చిన పిల్ల ఫోన్‌లో ఒక హుకుం కొట్టి చూపించింది. 'డేట్' అనే హుకుం ముందు 'టీజెడ్' అనే చీటీలో ఏషియా, రియాద్ అని రాస్తే ఆ ఒక్కసారికి అక్కడి టైము చెప్తుంది, ఇక్కడి గడియారాన్ని ముట్టుకోదు.

ఆపా కాసేపు చూసి, "అక్కడ ఇంకా మగ్రిబ్ కాలేదన్నమాట" అంది. తర్వాత ఫోన్ కూతురి చేతిలోంచి తీసుకుని, "ఏదీ, నన్ను కొట్టనీ" అంది.

బ్రాంచ్ మార్చే మాట మళ్లీ ఆ ఇంట్లో రాలేదు.